ఆపరేషను బల్ల ఎక్కే ముందు

మన సంఘం నెలవారీ సమావేశంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. డి.ఆర్. బకాయిలు ఎప్పుడు పడతాయి? దానికి జవాబు ఎవరి దగ్గరా లేదని తేలగానే రెండో ప్రశ్న మొదలవుతుంది. ఈ నెల ఎవరికి ఏ ఆపరేషను? ఒకరికి మోకీలు, ఒకరికి ప్రోస్టేటు, ఒకరికి గుండెలో స్టెంటు, మిగిలిన అందరికీ కళ్ళు. ఎంత ఖర్చయింది, ఎన్ని రోజులు ఉంచారు, రీయింబర్స్‌మెంటు బిల్లు ఎక్కడ ఆగింది అన్నీ చెప్పుకుంటాం. బల్ల ఎక్కే ముందు ఎంత భయపడ్డామో మాత్రం ఎవ్వరం చెప్పుకోము.

ప్రత్యేక సంచికకు బందరు చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని కార్యదర్శిగారు అడిగారు. కోట, డచ్చివారి సమాధులు, 1864 నాటి ఉప్పెన, ఇవన్నీ పాఠకులకు కంఠతా వచ్చిన సంగతులే. అందుచేత ఈసారి ఆ భయం చరిత్రే రాద్దామని కూర్చున్నాను. నాకు వైద్యం తెలియదు. ముప్పయి ఏడేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు చూసినవాణ్ణి. పాత కాగితాలు చదివి నోటు పెట్టడం ఒక్కటే వచ్చిన విద్య. దీన్ని కూడా ఒక నోటుగానే చదువుకోమని మనవి.

ఈ విషయం మీదికి నా మనసు పోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ క్రితం నా ఎడమ కంటికి శుక్లం ఆపరేషను అని తీసుకువెళ్ళారు. ఆకుపచ్చ గౌను తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, బల్ల మీద పడుకోబెట్టి బి.పి. చూశారు. పైది 190 దాటింది. ఇంటి దగ్గర మాత్ర వేసుకుంటే ఎన్నడూ 140 దాటని మనిషిని. మళ్ళీ చూశారు, ఇంకాస్త పెరిగింది. "ఇవాళ చెయ్యం, దిగండి" అన్నారు. బల్ల దిగుతుంటే అక్కడున్న కుర్రాడు ఒకడు, "గవర్నమెంటులో పనిచేశారుగా, భయమేంటండీ మీకు" అని నవ్వాడు. ఆడిట్ పార్టీకే భయపడినవాణ్ణి, కత్తికి భయపడనా అందామనుకున్నాను గాని గౌనులో ఉండి వాదించడం బాగుండదని ఊరుకున్నాను. ఆ ఆస్పత్రి పేరు రాయను.

ఇంటికి వచ్చాక సిగ్గేసింది. తరువాత ఆలోచిస్తే ఇది నా ఒక్కడి సంగతి కాదనిపించింది. చదవడం మొదలుపెట్టాను. ఆశ్చర్యమేమిటంటే ఈ కథ కూడా మన బందరు రేవు దగ్గరికే వచ్చింది.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం మచిలీపట్నం. డచ్చివారి వర్తకశాల ఇక్కడ ఉండేది. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో మన రేవులోనే దిగి గోల్కొండ వెళ్ళాడు. ఆయన యాత్రా గ్రంథంలో ఒక ముచ్చట ఉంది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు విడవని తలనొప్పి. నాలుక కింద నాలుగు చోట్ల రక్తం తీయాలని వైద్యులు తేల్చారు. చేసే ధైర్యం ఎవరికీ లేదు. చివరకు పీటర్ డి లాన్ అనే డచ్చి శస్త్రవైద్యుణ్ణి పిలిపించారు. ఎనిమిది ఔన్సులే తీయాలి, మించితే నీ ప్రాణం దక్కదు అన్నారు. తరువాత జరిగింది చూడండి. అతణ్ణి స్నానాల గదికి తీసుకుపోయి, ముసలి దాసీలు నీళ్ళు పోసి, ఒంటికి సుగంధ ద్రవ్యాలు పూసి, మన దేశపు దుస్తులు తొడిగి అప్పుడు రాజు ముందుకు ప్రవేశపెట్టారు. బంగారు గిన్నెలు ముందే తూచి పెట్టారు. రక్తం తీశాక మళ్ళీ తూస్తే సరిగ్గా ఎనిమిది ఔన్సులే తేలిందట. రాజు సంతోషించి బహుమానం ఇచ్చాడు. ఆ తరువాత రాణిగారు, రాజమాత కూడా మాకూ తీయించండి అన్నారు. జబ్బు ఉండి కాదు, ఆ పరదేశిని చూడాలన్న కుతూహలం కొద్దీ అంటాడు టావెర్నియే.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ రోజుల్లో ఆపరేషను ముందు రోగికి చేయాలంటున్న గోరువెచ్చని స్నానం, సువాసన తైలం, మర్దన, మృదువైన మాట ఇవన్నీ ఆ రోజున వైద్యుడికి జరిగాయి. పరిశుభ్రత కోసమో, రాజ మర్యాద కోసమో జరిగి ఉండవచ్చు. కాని ఎనిమిది ఔన్సులు దాటితే తల పోయే మనిషికి చెయ్యి వణకకుండా ఉండాలి గదా.

అది చిన్న పని. పెద్ద కోతల మాట వేరు. మత్తుమందు లేని కాలంలో ఆపరేషను అంటే నల్లమందు, సారా, నలుగురు బలమైన మనుషులు. ఆ కాలపు రోగి భయపడ్డాడంటే అది పిరికితనం కాదు, లెక్క తెలిసిన భయం. దానికి మన పల్లెల్లో ఉన్న ఉపాయాలు ఏమిటి? దిష్టి తీయడం, వేపమండతో మంత్రించడం, తల నిమిరి నుదుటి మీద ఊదడం, చేతికి తోరం కట్టడం. మా చిన్నతనంలో దివిసీమ లంకల్లో తేలు కుట్టినా, గడ్డ కోయించుకోవాల్సి వచ్చినా ముందు ఈ తంతు జరిగేది. జబ్బు మంత్రంతో పోతుందని నేను అనను. పాము కాటుకు మంత్రం నమ్ముకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళను ఎరుగుదును. కాని తల మీద ఆ చెయ్యి ఆడుతున్నంతసేపు, చెవి దగ్గర ఒకే తీరుగా ఆ గొణుగుడు సాగుతున్నంతసేపు ఏడ్చే పిల్లవాడు ఊరుకోవడం కళ్ళారా చూశాను.

దీన్నే ఒక దొర ఆపరేషన్లకు వాడి చూశాడంటే నమ్ముతారా? జేమ్స్ ఎస్డెయిల్ అని, ఈస్టిండియా కంపెనీలో స్కాట్లండు డాక్టరు. బెంగాలులోని హుగ్లీలో పనిచేసేవాడు. 1845 ఏప్రిల్‌లో వరిబీజంతో బాధపడే ఒక ఖైదీకి శస్త్రం చేయాల్సి వచ్చింది. అప్పటికి ఐరోపాలో మెస్మరిజం అనే పద్ధతి మీద వాదోపవాదాలు జరుగుతున్నాయి. దాన్ని ఎన్నడూ కళ్ళతో చూడకపోయినా పుస్తక జ్ఞానంతో ప్రయత్నించాడు. రోగిని చీకటి గదిలో పడుకోబెట్టి, తల వైపు కూర్చుని, ముఖం మీద నుంచి పొట్ట దాకా చేతులు మెల్లగా ఆడిస్తూ, మీద ఊపిరి ఊదుతూ గంటల తరబడి కూర్చోవాలి. రోగి నిద్రలాంటి స్థితిలోకి జారిపోయాడు. ఆ తరువాత ఈ పని ఆస్పత్రిలోని మనవాళ్ళ చేతనే చేయించేవాడు. బోదవాపుతో మణుగుల కొద్దీ పెరిగిన కంతులను కూడా అలా కోశాడు. ప్రభుత్వం విచారణ సంఘం వేసి, 1846లో కలకత్తాలో ఆయనకు ఒక ఆస్పత్రి ఇచ్చింది. రోగులందరూ నిద్రపోలేదు, కొందరు మధ్యలో మేలుకుని కేకలు వేశారు కూడా. అయినా ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. మన మంత్రగాళ్ళు నిమిరి ఊదే ఊదుడులో ఉన్నదీ తాను చేస్తున్నదీ దగ్గర దగ్గరగా ఒకటేనని ఆ దొర గుర్తించాడు. ఈ విద్యే తరువాత హిప్నాటిజం అయింది. మన తెలుగువారికి ఆ మాట వినగానే గుర్తొచ్చేది 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరాం గారు.

ఎస్డెయిల్ ఆస్పత్రి నిలవలేదు. 1846 అక్టోబరు 16న అమెరికాలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఈథరు ఇచ్చి నొప్పి లేకుండా ఆపరేషను చేసి చూపించారు. మరుసటి ఏడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం తెచ్చాడు. గంటల తరబడి నిమరడం ఎందుకు, రుమాలు మీద నాలుగు చుక్కలు చాలు అన్నారు. నొప్పి పోయింది. నొప్పి పోయాక ఇక భయం గురించి ఎవరికి పట్టింది? అసలు చిక్కు అక్కడే వచ్చింది.

1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్లకు కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. ముందే హడలిపోయి ఏడుస్తూ కూర్చుంది. మందు వాసన చూపిన రెండు మూడు నిమిషాల్లో చనిపోయింది. కాలి గోరుకు! అప్పటి నుంచి ఇటువంటి చావులు అక్కడక్కడ జరుగుతూనే వచ్చాయి. మందు గుండెను ఆపుతోందా, ఊపిరిని ఆపుతోందా అని వాదన. ఈ తగాదా తేల్చడానికి హైదరాబాదులో, అప్పటి రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాము మహబూబ్ అలీ ఖాన్ సొమ్ముతో 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫారం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండను నుంచి లాన్సెట్ పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల కొద్దీ జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, ఊపిరి కనిపెట్టుకుంటే చాలు అని తేల్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ హైదరాబాదు వైద్య పాఠశాలలోనే చదివిన మనిషి.

కమిషను తీర్పు పూర్తిగా నిలబడలేదు. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అసలు గుట్టు కనుక్కున్నాడు. భయపడినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ అనే పదార్థం ఊరుతుంది. క్లోరోఫారం కొద్దిగా మాత్రమే ఎక్కిన స్థితిలో ఆ అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, గిలగిలా కొట్టుకుని ఆగిపోతుంది. హానా గ్రీనర్ ఎలా పోయిందో ఇప్పటికీ వాదిస్తారు గాని, ఆ కాలంలో బల్ల మీద హఠాత్తుగా పోయినవాళ్ళలో కొందరికైనా ఇదే కారణమని వైద్యులు ఒప్పుకున్నారు. "భయంతో గుండె ఆగి చచ్చాడు" అని మన ముసలమ్మలు అంటే మూఢత్వం అనేవాళ్ళం. ఈ రోజుల్లో క్లోరోఫారం వాడరు, అలాంటి భయం లేదు, పాఠకులు కంగారు పడవద్దు. చెప్పవచ్చిందేమిటంటే భయం అన్నది మనసులో మాత్రమే ఉండే సంగతి కాదు, ఒంట్లో పనిచేసే ద్రవ్యం. నా బి.పి. 190 ఎందుకైందో ఇక్కడ తెలిసింది.

అమెరికాలో జార్జి క్రైల్ అనే సర్జను దీన్ని పట్టించుకున్న తొలివారిలో ఒకడు. గొంతు దగ్గర గాయిటరు ఉన్న రోగులు మామూలుగానే కంగారు మనుషులు. వాళ్ళకు ఫలానా రోజు ఆపరేషను అని చెప్పకుండా, రోజూ ఏదో ఆవిరి పట్టిస్తున్నట్టు పట్టించి, ఒకనాడు అందులోనే మత్తు కలిపి, నిద్రపోయాక కోసేసేవాడు. దొంగిలించడం అనేవారు దాన్ని. ప్రాణాలు దక్కాయి, నిజమే. కాని మనిషికి చెప్పకుండా మెడ కోయడం నాకు మింగుడుపడలేదు. సంతకం లేకుండా ఫైలు కదిపినట్టు.

మన ప్రాంతానికి వద్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదటి రోజుల్లో ఇంగ్లీషు వైద్యం చదివి బందరులో ప్రాక్టీసు పెట్టినవారిలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారొకరు. ఆ ప్రాక్టీసు వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళడం, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టడం అందరికీ తెలుసు. (మనలో చాలామంది పింఛన్లు పడిన ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.) గుడివాడ దారి వేరు. అక్కడ 1945లో హోమియో వైద్య కళాశాల వెలిసింది, ఇప్పుడు డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో కళాశాల. దాని మూలాన గుడివాడ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ తియ్యటి గుళికల సీసాలు ఉండేవి. పరీక్షకు వెళ్ళే పిల్లవాడికి, పన్ను పీకించుకోబోయే పెద్దమనిషికి, కాన్పుకు వెళ్ళే కోడలికి కంగారు తగ్గడానికి ఎకొనైట్ అనో, జెల్సీమియం అనో నాలుగు గుళికలు ఇచ్చేవారు. అవి పనిచేస్తాయనడానికి గట్టి రుజువు నాకు కనబడలేదు. కాని గుళికలు ఇచ్చే ముందు ఆ డాక్టరు అరగంట కూర్చోబెట్టి, ఏ వేళ భయం వేస్తుంది, చెమట పడుతుందా, పక్కన మనిషి ఉంటే తగ్గుతుందా అని అడిగేవాడు. పెద్దాస్పత్రిలో ఆ ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు. తగ్గిన కంగారు గుళిక వల్లనో ప్రశ్న వల్లనో పాఠకులే తేల్చుకోవాలి.

గుడివాడ మాట వచ్చింది గనుక మరొకటి. ఆ ఊళ్ళో కాలేజీకి పేరున్న అక్కినేని నాగేశ్వరరావు గారికి 1974లో అమెరికాలో గుండె ఆపరేషను జరిగింది. గుండె తెరిచి కోయడం అన్నది మన జిల్లాలో చాలామంది వినడం అదే మొదలు. ఆయన తిరిగి వచ్చి మళ్ళీ వేషం కట్టి డాన్సు చేస్తే, గుండె జబ్బున్న వాళ్ళకు అది వంద మాత్రల పెట్టు. ముందు వెళ్ళి వచ్చినవాడి ముఖం చూడడం కూడా ఒక చికిత్సే కాబోలు.

ఇక నేను చెప్పక తప్పని సంగతి. ఇన్నేళ్ళుగా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

1971లో సర్వీసులో చేరిన కొత్తలో దివి తాలూకాలో పనిచేశాను. అప్పటికి మండలాలు లేవు. 1976లో దగ్గరి ఊళ్ళో హైస్కూలు భవనంలో కంటి శిబిరం పెట్టారు. ఆ రోజుల్లో శుక్లాల ఆపరేషను ఇప్పటిలాంటిది కాదు. కంటి వెనక్కి పెద్ద సూదితో మత్తు ఇచ్చి, కన్ను కోసి, శుక్లాన్ని మొత్తంగా బయటికి లాగేవారు. తరువాత రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల అటూ ఇటూ కదలకుండా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి పడుకోబెట్టేవారు. నయమయ్యాక సోడాబుడ్డి అద్దాలు. ఆ శిబిరాల వల్ల చూపు వచ్చినవారు దేశంలో లక్షలమంది, ఆ డాక్టర్ల రుణం తీర్చలేనిది. నన్ను పేర్లు రాసే బల్ల దగ్గర వేశారు.

మా మేనత్త నాగాయలంక వైపు ఉండేది. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. నేనే కబురు పెట్టి పిలిపించాను. ఎడ్లబండి మీద వచ్చింది. వరండాలో వరుసలో కూర్చోబెట్టాను. లోపల దుప్పటి తెర వెనక ఎవరో మగమనిషి పెద్దగా అరిచాడు. "కదిలావంటే కన్ను పోతుంది!" అని మరెవరో గదమాయించారు. వరుసంతా వినబడింది. మా అత్తయ్య నన్ను పిలిచి, "ఒరే అబ్బాయ్, ఏం చేస్తార్రా లోపల?" అంది. నాకూ తెలియదు. "ఏం లేదత్తయ్యా, ఇట్టే అయిపోతుంది" అని నా బల్ల దగ్గరికి పోయాను. రెండొందల పేర్లు రాయాలి మరి. గంట తరువాత పేరు పిలిస్తే మనిషి లేదు. ఎవరిదో చెయ్యి పట్టుకుని బండెక్కి వెళ్ళిపోయింది. రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరాతో "హాజరు కాలేదు" అని రాశాను. వచ్చింది, రెండు గంటలు కూర్చుంది. ఆ కాలమ్‌లో రాయడానికి వేరే మాట లేదు.

మరుసటి ఏడాది నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన గురించి మన పాఠకులకు నేను చెప్పేదేముంది? అధికారిక లెక్కే దాదాపు పదివేలు. నీళ్ళు వస్తుంటే ఆ పేటలో కాలూ చెయ్యీ ఆడినవాళ్ళు పక్కా భవనం వైపు పరుగెత్తారట. మా అత్తయ్యను ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని కొంత దూరం లాక్కెళ్ళారు, చీకట్లో పట్టు జారిపోయింది. కళ్ళున్నవాళ్ళు వేలమంది పోయారు ఆ రాత్రి. కన్ను కనబడి ఉంటే బతికేదని నేను ప్రమాణం చేయలేను. కాని ఆ వరండాలో పది నిమిషాలు పక్కన కూర్చుని, లోపల జరిగేది నాలుగు మాటల్లో చెప్పి, ఆ చెయ్యి పట్టుకోవడం నాకు చేతనయ్యే పనే.

ఉప్పెన తరువాత సహాయ శిబిరాల్లో కలరా రాకుండా సూదులు వేశారు. అక్కడ ఒక నర్సమ్మను చూశాను. పిల్లలు సూది చూసి కెవ్వుమంటుంటే, "నీ దూడ పేరేంటి నాన్నా" అనేది. ఆ దూడ కొట్టుకుపోయిందని వాడు చెబితే తానూ కళ్ళు తుడుచుకునేది. ఆ తరువాత "ఏదీ, నా చెయ్యి మీద ఉఫ్ అని గట్టిగా ఊదు" అనేది. వాడు ఊదుతుండగా సూది పడిపోయేది. సూది వేసేటప్పుడు పిల్లల ధ్యాస ఊపిరి మీదికో ఆట మీదికో మళ్ళిస్తే నొప్పీ భయమూ తగ్గుతాయని ఇప్పుడు పరిశీలనల్లో తేల్చారు. ఆవిడ ఏ పరిశీలనా చదవలేదు.

డాక్టర్లు కూడా ఈ దారికి వచ్చారు. ఏ బోస్టన్ ఆస్పత్రిలో ఈథరు చూపించారో అదే ఆస్పత్రిలో 1963, 1964 సంవత్సరాల్లో డాక్టర్ ఎగ్బర్ట్, ఆయన సహచరులు రెండు పరీక్షలు చేశారు. ఆపరేషను ముందు రోజు మత్తు డాక్టరు వచ్చి రోగితో కాసేపు మాట్లాడితే ఒక గుంపు, నిద్రమందు ఇస్తే ఒక గుంపు. మందు తీసుకున్నవాళ్ళకు మగత వచ్చింది గాని స్థిమితం రాలేదు. మాట్లాడినవాళ్ళకు స్థిమితం వచ్చింది. రెండో పరీక్షలో, నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్ళుంటుంది, కండరాలు వదులు చేసుకుని ఎలా తగ్గించుకోవాలి అని ముందే నేర్పారు. వాళ్ళకు ఆపరేషను తరువాత నొప్పి మందు సగమే సరిపోయింది, మిగిలినవారికంటే రెండు మూడు రోజులు ముందు ఇంటికి వెళ్ళారు.

కండరాలు వదులు చేసుకునే విద్యను షికాగోలో జాకబ్సన్ అనే వైద్యుడు 1929లో పుస్తకంగా వేశాడు. పిడికిలి బిగించు, వదులు. భుజం బిగించు, వదులు. అలా పాదాల దాకా. మనవాళ్ళు శవాసనం అన్నదానికి చుట్టరికమే. బొంబాయిలో గుండె వైద్యుడు కె.కె. దాతే 1969లో రక్తపోటు రోగుల చేత శవాసనం వేయించి, చాలామందికి పోటు తగ్గిందని ప్రకటించాడు. సంగీతం సంగతి కూడా చూశారు. ఆపరేషను ముందు పాట వినిపించడం మీద జరిగిన 26 పరీక్షలను, 2,051 మంది రోగుల లెక్కలను 2013లో ఒకచోట చేర్చి చూస్తే కంగారు కొంత తగ్గుతుందని తేలింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు సంగీత చికిత్స మీద ఎంతో ఆసక్తి చూపినవారు. వారి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారిది మన దివిసీమ అంచున ఉన్న శ్రీకాకుళమే.

అన్నిటికంటే నన్ను ఆపేసింది కొరియా దేశం నుంచి 2001లో వచ్చిన ఒక పరిశీలన. మెలకువగా ఉండగానే చేసే శుక్లాల ఆపరేషన్లో రోగి చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి ఒక మనిషిని పెట్టారు. వాళ్ళకు కంగారు తగ్గింది, రక్తంలో అడ్రినలిన్ కూడా తగ్గింది. అది చదివిన రోజు మరి చదవలేకపోయాను.

ఇందులో తాలు కూడా ఉంది. లావెండరు వంటి సువాసన నూనెల మీద చిన్న చిన్న పరీక్షలే జరిగాయి, ఫలితాలు అటూ ఇటూగా ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆ వాసనలు పడకపోవచ్చు. ఎవరో చెప్పారని ఆపరేషను ముందు ఆకు పసర్లు, నిద్రమాత్రలు సొంతంగా మింగకండి. ఏది వాడుతున్నా డాక్టరుకు చెప్పండి. శవాసనం వేస్తున్నాం గదా అని బి.పి. మాత్ర మానకండి. ఆపరేషను రోజు ఉదయం ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో వాళ్ళనే అడిగి కాగితం మీద రాయించుకోండి. మనం జి.ఓ. నంబరు అడిగి రాసుకున్నవాళ్ళమే కదా, ఇదీ అంతే. ఇవేవీ మత్తుమందుకు బదులు కావు, దాని పక్కన కూర్చునేవి.

నా ఎడమ కన్ను సంగతి ముగిస్తాను. నెల తరువాత మరో చోటికి వెళ్ళాను. ముందు రోజు డాక్టరమ్మ పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పింది. కంట్లో చుక్కలు వేస్తాం, సూది ఉండదు. పెద్ద వెలుతురు కనిపిస్తుంది. చల్లగా నీళ్ళు పడతాయి. మిషను కూతలాంటి శబ్దం వస్తుంది, అది మంచి శబ్దమే. పావుగంట. ఆ పదిహేను రోజులూ నేను రాత్రి పడుకునే ముందు మంచం మీద పిడికిలి బిగించి వదలడం, ఊపిరి లోపలికి నాలుగు అంకెలు, బయటికి ఆరు అంకెలు లెక్కపెట్టడం సాధన చేశాను. మా ఆవిడ చూసి, ఈయనకు ఏదో అయిందని అమ్మాయికి ఫోన్ చేసింది. బయట కూర్చున్నంతసేపు మా కోడలు చెవుల్లో బాలమురళి పాట పెట్టింది. బి.పి. 150 ఉంది, ఫర్వాలేదన్నారు.

బల్ల మీద ముఖానికి గుడ్డ కప్పగానే గుండె మళ్ళీ ఎగిరింది. అప్పుడు పక్క నుంచి ఒక నర్సమ్మ, "తాతగారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి. ఏదన్నా ఇబ్బందైతే నా చెయ్యి నొక్కండి, తల మాత్రం కదపకండి" అంది. చిన్న చెయ్యి, చల్లగా ఉంది. ఊపిరి ఆరు అంకెలు లెక్కపెడుతూ పోయాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. మధ్యలో ఒకచోట మా అత్తయ్య అడిగిన మాట వినబడింది, "ఏం చేస్తార్రా లోపల" అని. వెలుతురు కనిపిస్తుంది అత్తయ్యా, నీళ్ళు పడతాయి, అంతే, అని మనసులో చెప్పుకున్నాను.

కుడి కంటికి వచ్చే నెలలో తారీఖు ఇచ్చారు. ఆ నర్సమ్మకు ఏ వారాల్లో డ్యూటీయో కనుక్కుని రమ్మని మా అబ్బాయిని పంపాను.